యూదా వైపు నుంచి చూసిన శ్రమల వారం: ‘జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్’ అరీనా ప్రదర్శన

ఆండ్రూ లాయిడ్ వెబర్ సంగీతంతో, టిమ్ రైస్ గీతాలతో 1970లో ముందు గ్రామఫోన్ రికార్డుగా వెలువడి, మరుసటి ఏడాది న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే రంగస్థలానికి చేరిన సంగీత నాటకం ‘జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్’ను 2012లో బ్రిటన్‌లోని అరీనాలలో, అంటే వేలమంది పట్టే పెద్ద పెద్ద ప్రాంగణాలలో, లారెన్స్ కానర్ దర్శకత్వంలో ప్రదర్శించారు. బర్మింగ్‌హామ్‌లో చిత్రీకరించిన ఆ ప్రదర్శన డీవీడీగా వచ్చింది. 2020లో లాక్‌డౌన్ నడుమ వచ్చిన గుడ్ ఫ్రైడే నాడు యూట్యూబ్‌లో కొద్దికాలం పాటు ఉచితంగా కూడా చూపించారు. ఈ నాటకాన్ని మొదటిసారి చూడబోయే తెలుగు ప్రేక్షకులకు ఈ చిత్రీకరణను నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను.

ఇందులో విడిగా సంభాషణలు లేవు. వాదమైనా వేడుకోలైనా, తీర్పైనా శాపమైనా, అంతా పాటలోనే జరుగుతుంది. రాయబార ఘట్టంలో పద్యం పద్యాన్ని ఢీకొనడం విని పెరిగిన మనకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. కథ యేసు జీవితపు చివరి వారానికే పరిమితమైనా, దాన్ని మనకు చూపే కన్ను మాత్రం ఆయనను అధికారులకు అప్పగించిన శిష్యుడు యూదా ఇస్కరియోతుది. గురువును జనం దేవుణ్ణి చేస్తున్నారనీ, ఆ ఉత్సాహం రోమా సైన్యాన్ని తమ మీదికి తెస్తుందనీ అతని భయం. ఆ భయం మొదటి పాటలోనే బయటపడుతుంది, నాటకమంతా దాని మీదనే నడుస్తుంది.

యూదా పాత్రను ఆస్ట్రేలియా హాస్య నటుడు, సంగీతకారుడు టిమ్ మించిన్ ధరించారు. ఆయన గొంతులో గరుకుతనం ఉంది. శ్రావ్యత కోరేవారికి అది మొదట ఇబ్బంది కలిగించవచ్చు. కానీ ప్రేమించిన మనిషినే అధికారులకు అప్పగించవలసి వచ్చిందని నమ్మేవాడి నలుగుబాటు ఆ గరుకుతనంలోనే తెలుస్తుంది. మగ్దలేనే మరియ యేసును ఎలా ప్రేమించాలో తెలియడం లేదని పాడిన వరుసనే, చనిపోయే ముందు యూదా నోట స్వరకర్త మళ్లీ పలికించాడు. వెబర్ సంగీతంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే నిర్ణయం ఇది. మరియకు అది తడబాటుతో కూడిన ప్రేమ అయితే, యూదాకు అదే ప్రేమ ఊపిరాడనివ్వని భారమవుతుంది. ఆ క్షణంలో కెమెరా ముఖానికి దగ్గరగా ఉండడం వల్ల, వేలమంది పట్టే ప్రాంగణంలో వెనుక వరుసలో కూర్చున్నవారికి దక్కని ఆంతర్యం మనకు దక్కుతుంది.

యేసుగా నటించిన బెన్ ఫార్‌స్టర్ టెలివిజన్ పోటీ ద్వారా ఎంపికైనవారు. ప్రథమార్ధంలో ఆయన కాస్త బిగుసుకుని ఉన్నట్టు అనిపించినా, గెత్సేమనే తోటలో తండ్రిని నిలదీసే పాటకు వచ్చేసరికి ఆ బిగువే మేలు చేస్తుంది. అంతవరకూ అణచుకున్నదంతా తారస్థాయిలో ఒక్కసారిగా బయటికి వస్తుంది. మరియగా గాయని మెలనీ సి హుందాగా, అతి చేయకుండా పాడారు. ఆమె యేసును ఓదార్చే పాట అయిదు మాత్రల నడకలో సాగుతుంది, దేవాలయంలో వ్యాపారుల పాట ఏడు మాత్రలలో పరుగెడుతుంది. ఖండచాపు, మిశ్రచాపు వినే అలవాటున్న చెవులు ఈ రెండు లెక్కలనూ వెంటనే పట్టుకుంటాయి.

నేటి వేషధారణతో, నిరసనకారుల గుంపులతో, వెనుక నిలిపిన భారీ తెరతో కథను వర్తమానంలోకి తేవడం చాలాచోట్ల పొసగింది. జనసమూహం ఒక మనిషిని ఎంత వేగంగా ఎత్తుకుంటుందో అంతే వేగంగా సిలువకు అప్పగిస్తుందన్న విషయం అందువల్ల ముందుకు వచ్చింది. యేసును విచారించే హేరోదు రాజును టెలివిజన్ పోటీ నిర్వాహకుడిగా మార్చిన ఘట్టం మాత్రం నాకు నచ్చలేదు. రేడియో ప్రయోక్త క్రిస్ మొయిల్స్ ఉత్సాహంగానే చేశారు గాని, బంధితుడైన యేసు ఎదుట ఉండవలసిన క్రూరత్వం ప్రేక్షకుల కేరింతలలో పలుచబడిపోయింది. ధ్వని విషయంలోనూ ఒక లోపముంది: కొన్నిచోట్ల గాత్రాలను యంత్రంతో సరిదిద్దిన జాడ స్పష్టంగా వినబడుతుంది. ప్రత్యక్ష ప్రదర్శనలో గొంతు చిట్లినా అది నటనలో భాగమే కనుక, ఈ నునుపు అనవసరం.

విశ్వాసులు అడిగే ప్రశ్న ఒకటి ఉంది. ఈ నాటకం సిలువతో ఆగుతుంది, పునరుత్థానాన్ని చూపదు. చివరి వాద్య సంగీతానికి పెట్టిన పేరు యోహాను సువార్త 19వ అధ్యాయం 41వ వచనం. ఆ వచనం తోటను గురించీ, అందులోని కొత్త సమాధిని గురించీ చెబుతుంది. 1978 నాటి ‘కరుణామయుడు’లో విజయచందర్ రూపాన్ని మనసులో నిలుపుకున్నవారికి ఇక్కడ అలసిపోయి, విసిగి, తండ్రిని ప్రశ్నించే యేసు కష్టంగా అనిపించవచ్చు. అయితే గెత్సేమనేలోని వేదనను సువార్తలే దాచలేదు. నాటకం ఆ వేదన దగ్గర ఎక్కువసేపు నిలబడింది, అంతే. అందులో నాకు అపచారం కనబడలేదు. పదేళ్లలోపు పిల్లలతో చూసేవారు మాత్రం రోమా అధిపతి పిలాతు ముప్పైతొమ్మిది కొరడా దెబ్బలు లెక్కించే ఘట్టం దీర్ఘంగా, నిష్ఠురంగా ఉంటుందని ముందే తెలుసుకోవడం మంచిది.

ఇంగ్లీషు గీతాలు వేగంగా సాగుతాయి కాబట్టి, వీలైతే సాహిత్యాన్ని ఒకసారి చదువుకుని, యూదా పాడే తొలి పాటను విడిగా విని, ఆ తరువాత మొత్తం చూడండి. ఇయాన్ గిలాన్ యేసుగా, మర్రే హెడ్ యూదాగా పాడిన 1970 రికార్డు గాత్రబలంలో దీనికన్నా మిన్న. ఇద్దరు స్నేహితులు విడిపోవడాన్ని కళ్లారా చూడాలనుకుంటే ఈ అరీనా చిత్రీకరణనే ఎంచుకోవాలి.