వైరాగ్యం చెప్పడంలో ఎవరు మేలు: అబుల్ అతాహియానా, మఅర్రీనా?

అరబ్బీలో వైరాగ్య పద్యాలను జుహ్దియ్యాత్ అంటారు. ముస్లిం సామ్రాజ్యాన్ని ఏలిన అబ్బాసీ ఖలీఫాల బాగ్దాద్‌లో డబ్బు, మద్యం, పాట పొంగిపొర్లిన రోజుల్లోనే ఈ కవిత్వం ఒక ప్రక్రియగా నిలదొక్కుకుంది. దీని జోలికి వెళ్లినవాళ్లకి ముందుగా ఎదురయ్యే కవి అబుల్ అతాహియా.

ఆయన 748లో పుట్టాడు. ఇరాక్‌లోని కూఫాలో కుండలు అమ్మాడు. ఖలీఫా మహ్దీ కొలువులోని ఉత్బా అనే దాసి మీద ప్రేమ పద్యాలు చెప్పి పేరు తెచ్చుకుని, తర్వాత వాటిని వదిలేశాడు. మళ్లీ చెప్పనన్నందుకు తర్వాతి కాలపు ఖలీఫా హారూన్ రషీద్ ఖైదులో పెట్టించాడంటారు. ఈయన బలమంతా తేట మాటలోనే ఉంది. పాత కవుల ఎడారి గుడారాలనూ ఒంటె వర్ణనలనూ పక్కనపెట్టి, సంతలో నిలబడ్డవాడికి కూడా అర్థమయ్యేలా రాశాడు. “చావు కోసం కనండి, పాడుబడడానికి కట్టండి” అన్న పాదానికి వ్యాఖ్యాత అక్కర్లేదు. కానీ వరసగా ఇరవై పద్యాలు చదివితే అదే సమాధి, అదే హెచ్చరిక. చావు ఊసే తప్ప పునరుత్థానం మాటెత్తడని ఆ కాలంలోనే తప్పుపట్టారు. పిసినారి అన్న కథలూ ఉన్నాయి. వాటిని నేను పెద్దగా పట్టించుకోను, పద్యం పద్యమే.

మద్యం పద్యాల అబూ నువాస్ కూడా దేవుణ్ణి క్షమాపణ వేడుకుంటూ గొప్ప పద్యాలు చెప్పాడు. అయితే అది పశ్చాత్తాపం, విడిచిపెట్టడం కాదు. అందుకే ఈ తూకంలో ఆయన్ని చేర్చడం లేదు.

రెండో కవి మఅర్రీ సంగతి వేరు. 973లో సిరియాలోని మఅర్రత్ అల్ నుఅమాన్‌లో పుట్టాడు. నాలుగో ఏట మశూచి చూపు తీసుకుపోయింది. బాగ్దాద్ వెళ్లి, 1010లో తిరిగొచ్చి, 1057లో పోయేదాకా ఎక్కువగా ఇల్లు కదల్లేదు. చూపులేమి, ఇల్లు, దేహంలో చిక్కిన ప్రాణం: తనవి మూడు చెరలని ఆయనే చెప్పుకున్నాడు. ‘లుజూమియ్యాత్’ పద్యాల్లో అంత్యప్రాస ఒక్క అక్షరంతో సరిపోతున్నా, దాని ముందు అక్షరాన్ని కూడా కలిపి తీరాలని తనకు తానే నియమం పెట్టుకున్నాడు. ఛందస్సులో కూడా వ్రతమే!

ఆ పద్యాల్లో ఒకటి నన్ను వదలదు. నీళ్లు బయటికిచ్చిన చేపను తినొద్దంటాడు. కోసిన జంతువు మాంసం వద్దంటాడు. పాలు తల్లి తన పిల్లల కోసం దాచుకున్నవి, దొరసానుల కోసం కాదంటాడు. ఆదమరచిన పక్షుల గుడ్లు తీయొద్దు, తేనెటీగలు పొద్దున్నే పూలు తిరిగి కూడబెట్టింది మనకు పంచిపెట్టడానికి కాదు అంటాడు. ఇది తల నెరవక ముందే తెలిసి ఉంటే బావుండేదని చివర్లో బాధపడతాడు. మాంసం ఎందుకు మానావని ఈజిప్టును ఏలిన ఫాతిమీ ఖలీఫాల పెద్ద మతబోధకుడు ఉత్తరాల్లో నిలదీసినా మనసు మార్చుకోలేదు.

నా ఓటు మఅర్రీకే. అబుల్ అతాహియా ‘నువ్వు పోతావు, వదిలేయి’ అంటాడు. అందులో ఉన్నది మన భయం. మఅర్రీ ‘అది నీది కాదు, వదిలేయి’ అంటాడు. అక్కడ రెండో ప్రాణి కూడా ఉంది. అయినా అరబ్బీ ఇప్పుడే కూడబలుక్కుంటున్నవాళ్లు అబుల్ అతాహియాతోనే మొదలుపెట్టాలి. లుజూమియ్యాత్‌ను నిఘంటువు, వ్యాఖ్యానం దగ్గర పెట్టుకుని, రోజుకో పద్యం చొప్పున చదవడం మంచిది.