సాబర్డ్ ప్లస్ హెచ్1: మేడ మీంచి పాలపుంతను పట్టాలంటే

ఆకాశం నుంచి వచ్చే రేడియో సిగ్నళ్లను వడకట్టి పెంచే చిన్న పరికరం, నూఎలెక్ వాళ్ల సాబర్డ్ ప్లస్ హెచ్1, చూడ్డానికి అగ్గిపెట్టెంతే ఉంటుంది గానీ పని మాత్రం గట్టిగా చేస్తుంది. పాలపుంతలోని హైడ్రోజన్ నుంచి 1420.4 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే 21 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంలో వచ్చే సిగ్నల్ ఎంత బలహీనమంటే, సెల్ టవర్ల గోలలో అది ఇట్టే మునిగిపోతుంది. ఇందులోని ఫిల్టర్ ఆ గోలను ఆపితే, యాంప్లిఫయర్ మనకు కావాల్సినదాన్ని పెంచి ఎస్‌డీఆర్ డాంగుల్‌కి (కంప్యూటర్‌కి తగిలించే చిన్న రేడియో రిసీవర్‌కి) ఇస్తుంది. డాంగుల్ మాత్రం బయాస్ టీ ఉన్నదే కొనండి, అంటే సిగ్నల్ వచ్చే కేబుల్ గుండానే ఈ పరికరానికి కరెంటు పంపే ఏర్పాటు. ఇంకోటి, దీన్ని డిష్ దగ్గరే బిగించాలి, కేబుల్ కింది చివర పెడితే దండగ.

పాత వైఫై గ్రిడ్ డిష్‌ని సిగ్నస్ నక్షత్రరాశి వైపు తిప్పి, కొన్ని నిమిషాల డేటా సగటు తీస్తే హైడ్రోజన్ సిగ్నల్ గ్రాఫ్‌లో గుట్టలా లేస్తుంది. ఆ గుట్ట 1420.4 మెగాహెర్ట్జ్ నుంచి ఎటు జరిగిందో చూసి, భూమి కదలికను లెక్కలోంచి తీసేస్తే, ఆ వాయువు మన వైపు వస్తోందో దూరం పోతోందో తెలిసిపోతుంది. ఈ ఒక్కదానికే డబ్బులు వసూల్!

ఫొటోలు మాత్రం ఆశించొద్దు. మీటరు డిష్ ఒకేసారి దాదాపు 15 డిగ్రీల ఆకాశాన్ని కలిపేసి చూస్తుంది. పుణె దగ్గరి జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోప్‌లో 45 మీటర్ల డిష్‌లు 30, సుమారు 25 కిలోమీటర్ల మేర పరిచి, సిగ్నళ్లను జంటలు జంటలుగా కలిపి బొమ్మ కట్టేది అందుకే మరి.