లాజరస్‌తో ఎక్సెల్ ఫైళ్లు: చీమకుర్తి రాళ్ల లెక్కల్లో ఆరేళ్ల వాడకం

చీమకుర్తి గెలాక్సీ రాయి (నల్ల గ్రానైట్) యార్డులకు లెక్కల ప్రోగ్రాములు రాసిస్తుంటాను. ఒంగోలులో ఇంటి దగ్గర కూర్చుని చేసే పని. రోజూ సాయంత్రం కొలతల షీటు వస్తుంది: బ్లాకు నంబరు, పొడవు, వెడల్పు, ఎత్తు. అది చదివి, క్యూబిక్ మీటర్లు కట్టి, లోడింగు లిస్టు తయారు చేయాలి. ఆరేళ్లుగా ఈ పనంతా లాజరస్‌లో (పాస్కల్ భాషలో ప్రోగ్రాములు రాసే ఉచిత సాధనం), ఎక్సెల్ లాంటి షీట్లను చదివి రాసే ఎఫ్‌పీస్ప్రెడ్‌షీట్ లైబ్రరీతోనే నడుస్తోంది.

అంతకు ముందు నా ప్రోగ్రాం నేరుగా ఎక్సెల్‌నే నడిపేది. ఒక్కో సెల్‌కీ ఎక్సెల్‌ని పిలవాలి కాబట్టి నెల షీటు చదవాలంటే చాలాసేపు పట్టేది. ప్రోగ్రాం మధ్యలో ఆగిపోతే తెర వెనక ఎక్సెల్ తెరిచే ఉండేది, ఫైలు లాక్ అయిపోయేది. ఈ లైబ్రరీ ఫైలును తానే విప్పి చదువుతుంది, ఎక్సెల్ ఉండాల్సిన పనే లేదు. యార్డు కంప్యూటర్లో ఉన్నది ఎక్సెల్ బదులు వాడే ఉచిత లిబ్రేఆఫీస్ ఒక్కటే, నాకు ఇదే పెద్ద ఊరట. ఎక్సెల్ పాత ఎక్స్‌ఎల్‌ఎస్, కొత్త ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్, లిబ్రేఆఫీస్ ఓడీఎస్ ఫైళ్లు మూడూ చదువుతుంది, రాస్తుంది. పైసా ఖర్చు లేదు. లాజరస్‌లోని ఆన్‌లైన్ ప్యాకేజీ మేనేజర్ నుంచే వేసుకోవచ్చు.

ఇక నన్ను నిద్ర పోనివ్వని సంగతి బ్లాకు నంబర్లది. రాయి మీద పెయింటుతో 5/2 అని రాస్తారు, అంటే అయిదో బెంచీలో (క్వారీ మెట్టులో) రెండో రాయి. షీట్లో అదే కొడితే షీటు ప్రోగ్రాం దాన్ని ఫిబ్రవరి 5 అనుకుంటుంది. 2024లో ఒకసారి, తేదీలా కనిపిస్తోందని గుమాస్తా ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చాడు. అది 45327 అయి కూర్చుంది. తేదీని షీటు లోపల 1900 నుంచి లెక్కపెట్టిన రోజుల సంఖ్యగా దాచుకుంటుంది, ఇది అదే. లిస్టు పట్టుకుని యార్డులో తిరిగిన మేస్త్రీ ఫోన్ చేశాడు: "అన్నా, ఈ 45327 రాయి యాడుంది? మన దాంట్లో లేదే!" లారీ అప్పటికే వచ్చి నిలబడి ఉంది. ఆ గంట పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

అప్పటి నుంచి ఖాళీ షీటు నేనే పంపుతున్నాను, బ్లాకు నంబరు కాలమ్ ముందే టెక్స్ట్‌గా పెట్టి. కొట్టాక మారిస్తే లాభం లేదు. చదివేటప్పుడు ప్రతి సెల్ రకం కూడా చూస్తాను. ఆ కాలమ్‌లో తేదీ గానీ ఉత్త సంఖ్య గానీ దొరికితే ప్రోగ్రాం అక్కడే ఆగి అడుగుతుంది, సొంతంగా ఊహించదు. సెల్ రకాన్ని ఇంత తేటగా చెప్పడమే ఈ లైబ్రరీలో నాకు బాగా నచ్చిన గుణం.

ఫార్ములాల దగ్గర మాత్రం జాగ్రత్త. వాటిని చదవమని 'బీవో రీడ్‌ఫార్ములాస్' ఆప్షన్ పెట్టకపోతే జవాబు ఒక్కటే తీసుకుంటుంది. మళ్లీ సేవ్ చేస్తే ఫార్ములా పోయి అంకె మిగులుతుంది. నాకిది తెలియని రోజుల్లో 2.80, 1.60, 1.20 కొలతల రాయికి 5.376 వచ్చింది. ఎత్తు 1.10 అని దిద్దినా 5.376 కదల్లేదు, రావాల్సింది 4.928. రాయి లెక్కలో అది చిన్న తేడా కాదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు ఈ ఆప్షన్ చూసుకోండి.

వరసలు, కాలమ్‌లు సున్నా నుంచి మొదలవుతాయి, రెండు రోజుల్లో అలవాటవుతుంది. అన్ని ఫైలు రకాలనూ చదివించే 'ఎఫ్‌పీఎస్‌ఆల్‌ఫార్మాట్స్' యూనిట్‌ని (లైబ్రరీలోని కోడ్ ఫైలు) ప్రోగ్రాంలో కలపడం మరిస్తే ఫైలు తెరుచుకోదు.

మాక్రోలు (షీట్లోనే ఉండే చిన్న ప్రోగ్రాములు) ఉన్న ఫైలును దీంతో తెరిచి అదే పేరుతో సేవ్ చేయకండి, మాక్రోలు పోతాయి. కొనుగోలుదారుల నుంచి అలాంటివి వస్తే నేను చదవడానికే వాడతాను, రాసేదంతా కొత్త ఫైల్లోకి.