పాత మిద్దె గోడలు, కొత్త అంతస్తు: స్వీట్ హోమ్ త్రీడీతో నాలుగేళ్లు

మైదుకూరు దగ్గర మా ఊర్లో జేజినాయన కట్టించిన మిద్దె ఉంది. రాయి, బంకమన్నుతో లేపిన గోడలు, పైన దూలాలు, దంతెలు, మట్టి కప్పు. దాన్ని పడగొట్టకుండా వెనక పెరట్లో రెండంతస్తుల కొత్త భాగం కట్టి, రెంటినీ కలపాలని 2021లో అనుకున్నాం. వృత్తిరీత్యా నేను బడిపంతులిని, ఇంజనీరును కాను. కానీ ఎవరో గీసిన కాగితం చూసి అమ్మ "ఊ" అనడం, గోడ లేచాక "ఇట్లా అనుకోలేదురా" అనడం నాకు ఇష్టం లేదు. అందుకే స్వీట్ హోమ్ త్రీడీ నేర్చుకున్నాను. ఇంటి ప్లాన్ గీసి త్రీడీలో చూసుకోవడానికి ఎమ్మాన్యుయేల్ ప్యూబారే అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ జావాలో రాసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. విండోస్‌లో, మ్యాక్‌లో, లినక్స్‌లో నడుస్తుంది. నా నాలుగు జీబీ ర్యామ్ లాప్‌టాప్‌లోనూ నడిచింది.

ఇల్లు పూర్తయింది. తర్వాత బంధువుల ఇళ్లు రెండు గీశాను, ఇప్పుడు ప్రొద్దుటూరులో చెల్లెలి ఇల్లు మొదలుపెడుతున్నాను. ఈ నాలుగేళ్లలో నన్ను బాగా ఏడిపించినవి గోడలు, అంతస్తులే. ఫర్నిచర్, రంగులు, ఫొటోల గురించి అందరూ చెప్తారు కాబట్టి నేను ఈ రెంటి గురించే రాస్తాను.

మొదట గోడల సంగతి. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసిన వెంటనే గోడ గీస్తే మందం 7.5 సెంటీమీటర్లు, ఎత్తు 250 సెంటీమీటర్లు వస్తుంది. అంటే మూడంగుళాల మందం, ఎనిమిది అడుగుల పైచిల్లర ఎత్తు. అది మన ఇల్లు కాదు. ముందు సెట్టింగుల్లోకి వెళ్లి కొలతలను అడుగులు, అంగుళాలకు మార్చి, కొత్త గోడకు మందం, ఎత్తు పెట్టుకోవాలి. ఆ పని చేయకుండానే నేను పన్నెండు గోడలు గీసేసి, తర్వాత ఒక్కోటీ మార్చుకుంటూ కూర్చున్నాను.

మందం దగ్గర ఇంకో తిరకాసు ఉంది, దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. మేస్త్రీ "తొమ్మిదంగుళాల గోడ" అంటే అది ఇటుక కట్టుబడి లెక్క. లోపల 12 మిల్లీమీటర్లు, బయట 20 మిల్లీమీటర్లు ప్లాస్టరింగ్ పడితే గోడ పదింపావు అంగుళాలకు చేరుతుంది. సాఫ్ట్‌వేర్‌కు గోడ అంటే ఒకే ముద్ద, అందులో ఇటుక ఎంత, పూత ఎంత అనే పొరల లెక్క దానికి ఉండదు. బీరువా కోసం రెండు గోడల మధ్య 37 అంగుళాల సందు వదిలాను. ప్లాస్టరింగ్ అయ్యాక మిగిలింది 36 అంగుళాలు, బీరువా వెడల్పూ సరిగ్గా అంతే. చివరికి ఒక పక్క పూత గీకించి దూర్చాం. అప్పటి నుంచి పూతతో కలిపిన మందమే పెడుతున్నాను: తొమ్మిదంగుళాల గోడకు పదింపావు, నాలుగున్నర గోడకు ఐదున్నర. గదిలో టేపు పెట్టి కొలిస్తే వచ్చేది పూత మీది నుంచి పూత మీదికే కదా.

పాత మిద్దె గోడలు ఇంకా పెద్ద పరీక్ష పెట్టాయి. వీధి వైపు రెండడుగుల మందంతో మొదలైన గోడ పెరటి వైపు 21 అంగుళాలకు దిగిపోయింది. ఈ సాఫ్ట్‌వేర్‌లో ఒక గోడకు ఒకే మందం. స్ప్లిట్ వాల్ అనే ఆదేశం గోడను సరిగ్గా సగంలో రెండు ముక్కలు చేస్తుంది, ఆ అతుకును పట్టి కావలసిన చోటికి లాక్కోవచ్చు. అట్లా మూడు ముక్కలు చేసి 24, ఇరవై రెండున్నర, 21 అంగుళాలు ఇచ్చాను. దగ్గరగా చూస్తే చిన్న మెట్టులా కనబడుతుంది, కానీ గది వైశాల్యం నిజానికి దగ్గరగా వచ్చింది.

మూలలు కూడా తిన్నగా లేవు. సాఫ్ట్‌వేర్‌లో మాగ్నెటిజం అనే అమరిక ఉంటుంది. గోడను 15 డిగ్రీల లెక్కన మాత్రమే తిరగనిస్తుంది, పక్క గోడ కొసకు అతుక్కునేలా లాగుతుంది. కొత్త భాగానికి అది వరం. పాత ఇంటికి మాత్రం నేను కొలిచింది ఒకటైతే తెర మీద పడేది ఇంకొకటి. నాలుగు గోడల పొడవులు సరిగ్గా ఇచ్చినా చివరి గోడ మొదటి గోడకు అరడుగు దూరంలో ఆగిపోయేది. సాఫ్ట్‌వేర్‌దే తప్పనుకుని రెండు రాత్రులు దాంతో పోరాడాను. మేస్త్రీ మామకు చూపిస్తే తెర వంక కూడా సరిగా చూడలేదు.

"యాడబ్బీ, ఆ ఈశాన్నం మూల సక్కంగా లేదు గదా! మీ జేజినాయన దినాల్లో బండ యట్ల కూచుంటే గోడ అట్ల పోయింది. కర్ణం కొలిసినావా?"

నేను కర్ణాలు కొలవలేదు. ఇద్దరం దారం పట్టుకుని ఎదురు మూలలకు కొలిస్తే రెండు కర్ణాల మధ్య ఏడంగుళాల తేడా తేలింది. ఆ తర్వాత మాగ్నెటిజం ఆపేసి, గోడ గీస్తూ ఎంటర్ నొక్కి పొడవు, కోణం టైపు చేసి, కర్ణాలను కొలత గీతలతో సరిచూసుకుంటూ పోతే ఇల్లు మూసుకుంది. గోడలు కలవడం లేదని తల పట్టుకునే వాళ్లకు నా సలహా ఒక్కటే. మౌసు వదిలి టేపు పట్టుకోండి, నాలుగు గోడలతో పాటు రెండు కర్ణాలు కూడా రాసుకోండి.

గోడలు కలిసినట్టు కనబడటం వేరు, నిజంగా కలవడం వేరు. రెండు గోడల కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటే ప్లాన్‌లో బాగానే కనిపిస్తుంది. త్రీడీలో మాత్రం మూల దగ్గర ఒక చెక్క తప్పిపోయినట్టో, ఒకటి ముందుకు పొడుచుకొచ్చినట్టో ఉంటుంది. రెండింటినీ ఎంచుకుని జాయిన్ వాల్స్ ఇస్తే మూల ఏటవాలుగా కోసి అతికినట్టు కుదురుతుంది. కలిశాయో లేదో తెలుసుకోవడానికి నాకు నమ్మకమైన పరీక్ష గది గీయడమే. గది పనిముట్టు తీసుకుని గోడల మధ్య రెండుసార్లు క్లిక్ చేస్తే, గోడలు మూసుకుని ఉంటే నేల దానంతట అదే పరుచుకుంటుంది. పరుచుకోలేదంటే ఎక్కడో సందు ఉన్నట్టే. పెద్దగా చేసి మూలలన్నీ చూస్తూ వెళ్తే దొరుకుతుంది.

రంగుల దగ్గర కూడా గోడ లెక్కే. ప్రతి గోడకు ఎడమ, కుడి అని రెండు ముఖాలుంటాయి. ఏ దిక్కు నుంచి గీయడం మొదలుపెట్టామన్న దాన్ని బట్టి ఏది ఎడమో తేలుతుంది. ఇంటి చుట్టూ ఒకే దిశలో గీస్తూ వస్తే బయటి ముఖాలన్నీ ఒకే పక్కకు వస్తాయి, లేకపోతే వంటింటి టైల్స్ వీధి గోడకు ఎక్కుతాయి. రివర్స్ వాల్స్ డైరెక్షన్ అని ఆదేశం ఉంది గానీ, అసలు మొదట్లోనే ఒక దిశ పట్టుకుని గీయడం సుఖం. పొడవాటి గోడకు మధ్యలో అడ్డగోడ వచ్చి తగిలితే, అటు పడకగది రంగు, ఇటు వంటింటి రంగు వేరువేరుగా రావు. అక్కడా స్ప్లిట్ వాల్ చేసి అతుకును అడ్డగోడ దగ్గరకు తేవాలి.

ముందు గోడకు నాపరాతి తొడుగు వేయాలని అమ్మ కోరిక. గోడలో పొరలు పెట్టే వీలు లేదన్నాను కదా, అందుకని అసలు గోడకు ఆనుకుని రెండంగుళాల పల్చటి గోడ ఇంకోటి గీశాను. తొడుగు అసలు గోడలోకి చొరబడి రెండు ముఖాలు ఒకే చోట పడినప్పుడు త్రీడీలో ఆ భాగం మిణుకుమిణుకుమంటూ రెండు రంగులూ కొట్లాడుకున్నాయి. తొడుగును పావంగుళం బయటికి జరిపితే సర్దుకుంది. కిటికీ మాత్రం లోపలి గోడను కోసి తొడుగును కోయలేదు, బయటి నుంచి చూస్తే కిటికీ ఉన్న చోట రాయి మూసేసి ఉంది. కిటికీ లోతును రెండు గోడల మందం కంటే కొంచెం ఎక్కువ చేశాక తెరుచుకుంది.

ఇక అంతస్తులు. నా అనుభవంలో అన్నిటికంటే విలువైన పాఠం, అన్నిటికంటే పెద్ద ఉపకారం రెండూ ఇక్కడే దొరికాయి.

ఈ సాఫ్ట్‌వేర్‌లో అంతస్తును లెవెల్ అంటారు. ఒక్కో లెవెల్‌కు మూడు అంకెలు: నేల ఎంత ఎత్తున ఉంది, ఆ నేల మందం ఎంత, అక్కడి గోడల ఎత్తు ఎంత. స్లాబు మందం నేల కిందికి పోతుంది, పైకి కాదు. పై అంతస్తులో గది గీసిన చోటే స్లాబు కనబడుతుంది, గీయకపోతే పైన ఆకాశమే.

మొదట నేను కొత్త భాగం నేలను సున్నా అనుకున్నాను. పాత మిద్దె నేల దానికంటే కింద ఉంది, వీధి ఇంకా కింద ఉంది, అన్నీ మైనస్‌లోకి పోయి బుర్ర తిరిగింది. అన్నీ చెరిపి వీధి మట్టాన్ని సున్నాగా పెట్టాను. పాత నేల అడుగున్నర ఎత్తున, కొత్త నేల రెండున్నర అడుగుల ఎత్తున వచ్చాయి. కొత్త గోడలు 10 అడుగులు, స్లాబు 5 అంగుళాలు, కాబట్టి పై అంతస్తు నేల 12 అడుగుల 11 అంగుళాల దగ్గర.

వేసవి వేడికి భయపడి, కొన్ని రోజులకు గోడల ఎత్తును అరడుగు పెంచి 10 అడుగుల 6 అంగుళాలు చేశాను. పై గది త్రీడీలో తెరిచి చూస్తే నేల మీద గీతలు గీతలుగా ఏవో లేచి ఉన్నాయి. కింది గోడల తలలు అవి. స్లాబు మందం ఐదంగుళాలే కదా, అరడుగు పెరిగిన గోడ దాన్ని దాటి అంగుళం పైకి పొడుచుకొచ్చింది. కింది గోడల ఎత్తు మారిస్తే పై లెవెల్ దానంతట అది లేవదు, దాని ఎత్తును మనమే 13 అడుగుల 5 అంగుళాలకు మార్చాలి. తెర మీద ఆ అంగుళం కనబడకపోతే నాకు మెట్ల సంగతి తట్టేది కాదు. అంతకుముందు 125 అంగుళాలకు 18 మెట్లు లెక్కేశాం, మెట్టు ఏడంగుళాల లోపే. ఇప్పుడు ఎక్కాల్సింది 131 అంగుళాలు. అవే 18 మెట్లైతే ఒక్కోటి ఏడింపావు దాటుతుంది. అమ్మ మోకాళ్లకు ఆ తేడా కష్టమే. 19 మెట్లు చేసి, మెట్ల కింద పది అంగుళాల చోటు ఎక్కువ వదిలించాను. మెట్లకు సెంట్రింగ్ కట్టకముందు తెలియడం నిజంగా అదృష్టం.

తెర మీద పెట్టిన మెట్లు పై స్లాబుకు వాటంతట అవే రంధ్రం చేస్తాయి. మెట్ల బొమ్మ ఎత్తు స్లాబు మందం దాకా చేరకపోతే మాత్రం రంధ్రం పడదు, తల స్లాబుకు తగిలేలా ఉంటుంది. నాకూ అదే జరిగింది, ఎత్తు సరిచేస్తే తెరుచుకుంది.

పాత మిద్దె కప్పును కూడా ఒక లెవెల్‌గా పెట్టాను. గోడల తలలు వీధి నుంచి 11 అడుగులు, దూలాలు, మట్టితో కలిపి కప్పు ఒక అడుగు మందం. మధ్యలో వెలుతురు కోసం జేజినాయన వదిలిన గవాచి ఉంది. దాని చుట్టూ కప్పును నాలుగు ముక్కల గదులుగా గీసి నడుమ ఖాళీ వదిలితే గవాచి వచ్చేసింది. అక్కడే ఇంకో నిజం బయటపడింది. మిద్దె పైభాగం 12 అడుగుల దగ్గర ఉంటే, కొత్త పై గది నేల 13 అడుగుల 5 అంగుళాల దగ్గర. పై గది తలుపు తీసి నేరుగా మిద్దె మీదికి నడవొచ్చని ఇంట్లో అందరం అనుకున్నాం, కానీ మధ్యలో పదిహేడు అంగుళాల పల్లం ఉంది. అక్కడ మూడు మెట్లు కట్టించాం. వేసవి రాత్రుల్లో మిద్దె మీద పడుకోవడానికి వెళ్లే దారి అది. చీకట్లో కాలు జారే చోటు కాకుండా చేసుకున్నాం.

లెవెల్‌ను పొరలాగా వాడుకునే వీలు కూడా ఉంది. ఒకే ఎత్తులో ఇంకో లెవెల్ చేర్చి కరెంటు పాయింట్లు దాంట్లో, నీళ్ల పైపులు మరోదాంట్లో పెట్టాను. కావాలంటే చూపించుకోవచ్చు, వద్దంటే దాచేసుకోవచ్చు. ఎలక్ట్రీషియన్‌కు కరెంటు పొర ఒక్కటే ప్రింట్ చేసిస్తే సంతోషపడ్డాడు. ఏ లెవెల్ మీద ఉన్నామో చూసుకోకుండా గీయడమే ఇందులో ప్రమాదం. స్నానాలగది గోడ ఒకటి నీళ్ల పొరలో గీసేశాను, ఆ పొర దాచినప్పుడల్లా గోడ మాయమయ్యేది. కట్ చేసి సరైన లెవెల్‌లో పేస్ట్ చేశాక పక్క గోడలతో మళ్లీ కలపాల్సి వచ్చింది. ఇంకోసారి ఇల్లంతా రెండడుగులు జరపాలని కింది గోడలే ఎంచుకుని జరిపాను, పై అంతస్తు ఉన్నచోటే ఉండిపోయింది. అన్ని అంతస్తులనూ కలిపి ఎంచుకునే ఆదేశం వేరే ఉంది, ఇల్లంతా కదపాలంటే అది వాడాలి. స్కెచప్ అనే ఇంకో త్రీడీ సాఫ్ట్‌వేర్ వాడే మిత్రుడికి ఈ పొరలు చూపిస్తే ఆశ్చర్యపోయాడు. అందులో 2020 నుంచి లేయర్లను ట్యాగ్‌లు అంటున్నారు. అవి దాచడానికి, చూపించడానికే గానీ గీతలను ఒకదాన్నుంచి ఒకటి విడదీయవు, గ్రూపులు చేసుకుంటేనే గోడ గోడకు అంటుకోకుండా ఉంటుంది. ఇక్కడ ఆ తలనొప్పి లేదు.

దిక్సూచిలో మన ఊరి అక్షాంశం, రేఖాంశం మార్చుకుంటే ఎండ కూడా లెక్క ప్రకారం పడుతుంది. కడప దాదాపు 14.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు సగం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. ఉత్తరపు కిటికీకి సజ్జ అక్కర్లేదన్న మాటను అది చూశాకే వదులుకున్నాం.

దీనితో కానిది కూడా చెప్పాలి. స్తంభాలు, దూలాల బలం, ఇనుము లెక్క ఇందులో లేవు. పాత రాతి గోడ మీద కొత్త బరువు ఆనకుండా స్తంభాలు ఎక్కడ రావాలో ఇంజనీరే చెప్పారు, అప్రూవల్ ప్లానూ ఆయనే గీశారు. నా బొమ్మ మా ఇంట్లో వాళ్లకు, మేస్త్రీకి, ఎలక్ట్రీషియన్‌కు. ఆ పనికి దీన్ని మించినది నాకు అవసరం పడలేదు.

చెల్లెలి స్థలంలో మొన్న పునాది గుర్తులు వేశారు. ఈసారి గోడ గీయకముందే వీధి మట్టం సున్నా పెట్టి, పూతతో కలిపిన మందాలు సెట్టింగుల్లో నింపేశాను. కర్ణాలు కొలవడానికి ఆదివారం మామ దారం తీసుకుని వస్తానన్నాడు.