పక్క మందిరం నిండినప్పుడు ఏది మేలు?

ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికి వెళ్లే దారిలో నాకు ఇంకో మందిరం తగులుతుంది. దాని మెట్ల ముందు విడిచిన చెప్పులను నేను చాలాకాలం లెక్కపెట్టాను. మొదట తెలియకుండా, తర్వాత తెలిసే. మా మెట్ల దగ్గరకంటే అక్కడ ఎక్కువ జతలు కనిపించిన రోజు మధ్యాహ్నం అన్నం సహించేది కాదు. అక్కడి సేవకుడు, నాలాగే పాస్టరు, నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు. వాక్యం బాగా చెబుతాడు, రోగులను వెతుక్కుంటూ వెళ్లి ప్రార్థన చేస్తాడు. అతని మీద నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. నన్ను ఎక్కువగా బాధపెట్టింది అదే. తప్పు చేసినవాడి మీద కోపం వస్తే కారణం చెప్పుకోవచ్చు. బాగా చేస్తున్నవాడి మీద వచ్చినదానికి అసూయ అన్న పేరు తప్ప మరొకటి దొరకదు.

ఇన్నేళ్ల పరిచర్యలో ఈ జబ్బుకు సేవకులు వాడే మందులు నాలుగు చూశాను. నోరు మూసుకుని ప్రార్థించుకోవడం. ఎదుటివాని ఇంటికి వెళ్లి ఉన్నదంతా చెప్పేయడం. హద్దు గీసుకుని ఎవరి పని వారు చేసుకోవడం. మన చేతిలో ఉన్నది తీసి అతని చేతిలో పెట్టడం. నాలుగింటికీ వాక్యంలో ఆధారం చూపించవచ్చు. గుణం మాత్రం నాలుగింటికీ ఒకటి కాదు. వీటిలో మూడింటిని నేను వాడి చూశాను.

మందు వేసే ముందు జబ్బు అదేనా అని చూసుకోవాలి. పక్క సంఘంలో కానుకల లెక్కలు చూపించకపోతే, స్వస్థత పేరు చెప్పి పేదవాళ్ల దగ్గర డబ్బు తీసుకుంటుంటే, అడగడం అసూయ కాదు, బాధ్యత. కానీ అసూయ తన సొంత పేరు చెప్పుకుని లోపలికి రాదు. ‘సిద్ధాంతం మీద భారం’ అనో, ‘గొర్రెల దొంగతనం’ (ఒక సంఘం విశ్వాసులను ఇంకొకరు లాక్కోవడం) అనో చెప్పుకుని వస్తుంది. నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఇదే పని నా స్నేహితుడు చేసి ఉంటే సంఘ పెద్దల ముందు దీన్ని ఎత్తి ఉండేవాడినా? పదిసార్లు అడిగితే ఏడెనిమిదిసార్లు తల దించుకోవలసి వచ్చింది.

మౌనం గురించి ఎక్కువ చెప్పేది లేదు. చాలామందిమి చేసేది ఇదే, దీన్నే ఓర్పు అనుకుంటాం. ఇశ్రాయేలు రాజు సౌలు సంగతి చూడండి. దావీదు గొల్యాతును చంపి వచ్చాక స్త్రీలు తంబురలతో ఎదురువచ్చి, సౌలుకు వేలు, దావీదుకు పదివేలు అని పాడారు. సౌలు ఆ రోజు దావీదును ఏమీ అనలేదు. లోలోపల మండిపడి, అప్పటినుంచి అతని మీద కన్ను వేసి ఉంచాడు. మరునాడే ఈటె విసిరాడు. అంటే ఆ మౌనం నిలిచింది ఒక్క రాత్రి. ప్రార్థన చేసుకుంటూ మౌనంగా ఉంటే వేరు కదా అని మీరు అనవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. ఒకనాడు ఉపవాస ప్రార్థనలో నా మాటలు నేనే విని ఉలిక్కిపడ్డాను. ‘ప్రభువా, నీ సత్యాన్ని ఈ ఊళ్లో నిలబెట్టు’ అని అడుగుతున్నాను. నా మనసులో ఆ మాటకు అర్థం, అతను పడిపోవాలని.

అందుకే రెండో దారి పట్టాను. ఒక సాయంత్రం ఆ సోదరుడి ఇంటికి వెళ్లాను. పాస్టరమ్మ టీ ఇచ్చి లోపలికి వెళ్లాక, అతని మీద ఎన్నాళ్లుగా అసూయపడుతున్నానో, చెప్పుల లెక్కతో సహా చెప్పేశాను. కన్నీళ్లు పెట్టుకున్నాను. అతను నా చేతులు పట్టుకుని ప్రార్థన చేశాడు. తేలికైన మనసుతో ఇంటికి వచ్చాను. ఆ తర్వాతే తెలిసింది, నేను దించుకున్న బరువును అతని భుజం మీద పెట్టి వచ్చానని. కొన్ని నెలలపాటు నేను ఎదురైతే తన సంఘం సంగతులు ఎత్తడానికే అతను జంకేవాడు. బాప్తిస్మాలు జరిగితే నా దగ్గర దాచేవాడు. చేయని తప్పుకు క్షమాపణ చెప్పేవాడిలా మాట్లాడేవాడు.

తర్వాత మత్తయి సువార్త మళ్లీ చదివాను. పద్దెనిమిదో అధ్యాయంలో, వెళ్లి ఒంటరిగా మాట్లాడమన్నది నీకు విరోధంగా తప్పు చేసిన సహోదరుడితో. అతను నా పట్ల ఏ తప్పూ చేయలేదు. అయిదో అధ్యాయంలో, బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి వెళ్లమన్నది నీ మీద సహోదరుడికి ఏదైనా ఉంటే. నా మనసులో ఉన్నది అతనికి తెలియనే తెలియదు, నా మీద అతనికి ఏముంటుంది? ఆ ఒప్పుకోలు నేను మూడో మనిషి దగ్గర చేసి ఉండవలసింది. నాకంటే పెద్దవాడైన, ఊళ్లోని రెండు సంఘాలకూ చెందని ఒక సేవకుడి దగ్గర చేసి ఉంటే సరిపోయేది. అయితే అసూయ నోటిదాకా వచ్చి, అతని గురించి నలుగురిలో చెడుగా చెప్పి ఉంటే మాత్రం అతని దగ్గరికే వెళ్లాలి. ఎవరికి ఏం చెప్పామో ఆ నలుగురి దగ్గరికీ వెళ్లాలి. దానికి దగ్గరి దారి లేదు.

ఇక హద్దు. దీన్ని పిరికివాళ్ల పని అని కొట్టిపారేసే బోధకులున్నారు. నేను వాళ్లతో ఏకీభవించను. అబ్రాము, లోతు విడిపోయిన ఘట్టంలో మొదట గొడవపడింది వాళ్లిద్దరూ కాదు, వాళ్ల పశువుల కాపరులు. మన సంఘాల్లో కూడా పాస్టర్లకంటే ముందు గాయక బృందాలు, యువజనులు, స్త్రీల సమాజాలు కక్షలు పెంచుకుంటాయి. అబ్రాము పెద్దవాడై ఉండి కూడా, ముందు నువ్వే ఏ పక్క కావాలో చూసుకోమన్నాడు. మార్కు అనే సహాయకుడిని వెంట తీసుకుపోయే విషయంలో, కలిసి సువార్త పని చేస్తున్న పౌలు బర్నబాల మధ్య తీవ్రమైన వాదం వచ్చి ఇద్దరూ వేరయ్యారు. అది అసూయ అని వాక్యం ఎక్కడా చెప్పలేదు కాబట్టి నేనూ చెప్పను. కానీ విడిపోయినందువల్ల పని ఆగలేదు. చాలాకాలం తర్వాత పౌలు తిమోతికి రాస్తూ, మార్కును వెంటబెట్టుకుని రమ్మని, అతను పరిచర్యకు ప్రయోజనకరమైనవాడని అడిగాడు.

తెలుగునేల మీద హద్దు ఎంత పని చేసిందో మన సంఘాల పేర్లే చెబుతాయి. 1836లో ఇండియాకు వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ ఆ తర్వాత నరసాపురంలో పని పెట్టారు. 1840లో అమెరికన్ బాప్తిస్టు శామ్యూల్ డే నెల్లూరులో మకాం పెట్టాడు. 1841లో ఆంగ్లికన్లు (ఇంగ్లండు సంఘంవారు) నోబుల్, ఫాక్స్ మచిలీపట్నానికి, 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరుకు వచ్చారు. 1874లో మెక్లారిన్ కాకినాడలో కెనడా బాప్తిస్టు పని మొదలుపెట్టాడు. కాలక్రమంలో, ఒకరు పనిచేసే చోటికి ఇంకొకరు వెళ్లకూడదన్న ఒప్పందాలు మిషన్ల మధ్య ఏర్పడ్డాయి. దానితో మన తాతమ్మలు లూథరనా, బాప్తిస్టా, మెథడిస్టా అన్నది వాళ్లు ఏ సిద్ధాంతం నమ్మారన్నదాన్ని బట్టి కాక, ఏ ఊళ్లో పుట్టారన్నదాన్ని బట్టి తేలింది. గుంటూరువాళ్లు లూథరన్లు, ఒంగోలువాళ్లు బాప్తిస్టులు, మెదక్‌వాళ్లు వెస్లియన్ మెథడిస్టులు. ఒకే వాడలో రెండు బడులు కట్టి ఒకరి పిల్లలను ఇంకొకరు లాక్కునే దుస్థితి చాలావరకు తప్పింది. ఇది చిన్న మేలు కాదు.

కానీ ఆ హద్దు మనుషుల వెంట నడిచింది. పనుల కోసం విజయవాడకూ హైదరాబాదుకూ చేరినవాళ్లు గీతను మూటలో కట్టుకుని తెచ్చుకున్నారు. సంబంధం కుదుర్చుకునేటప్పుడు ‘వాళ్లు వేరే మిషన్’ అనే మాట మా ఇంట్లోనే విన్నాను. ఈనాడైతే గీయడానికి చోటే లేదు. ఒకే వీధిలో మూడు మందిరాలు, ప్రతి చేతిలో ఫోను, అందులో ప్రతి పాస్టరు ప్రసంగం, దాని కింద ఎంతమంది చూశారన్న అంకె. పూర్వం సౌలుకు ఆ అంకెలు స్త్రీల పాటలో వినిపించాయి, మనకు తెర మీద కనిపిస్తున్నాయి.

అందుకని నా తీర్పు ఇది. ఒకే సంఘంలో ఇద్దరు నాయకులు, వాళ్ల వెనుక పెద్దలు రెండు ముక్కలై ప్రతి ఆదివారం కలహిస్తుంటే, మందిరం తాళం కోసం కోర్టు మెట్లు ఎక్కేలోపు అబ్రాములా విడిపోవడమే మేలు. ఒప్పించి కలిపి ఉంచుదామని ఏళ్ల తరబడి ప్రయత్నించి విశ్వాసులను చెదరగొట్టుకున్నవాళ్లను చూశాను. అయితే హద్దు ఆపేది గొడవను మాత్రమే. గోడ అవతలి చెప్పులు లెక్కపెట్టే కంటిని అది ఆపదు.

నాలుగోది చెబుతాను. సౌలు విన్న పాటను అతని కొడుకు యోనాతాను కూడా వినే ఉంటాడు. అందరం సౌలు గురించే బోధిస్తాం కానీ, ఆ పాటవల్ల ఎక్కువ పోగొట్టుకునేది యోనాతానే. సౌలు అప్పటికే రాజు. రాజు కావలసినవాడు యోనాతాను. అతను ఏం చేశాడు? ఆ పాట వినిపించకముందే తన దుప్పటి తీసి దావీదుకు ఇచ్చేశాడు. కత్తి, విల్లు, నడికట్టు కూడా ఇచ్చాడు. ఇనుప ఆయుధాలు దొరకని ఆ కాలంలో ఇశ్రాయేలులో కత్తి, ఈటె ఉన్నది సౌలుకూ యోనాతానుకూ మాత్రమేనని అదే గ్రంథం అంతకుముందు చెబుతుంది. అలాంటి కత్తిని తీసి ఇవ్వడమంటే ఏమిటో ఆలోచించండి. తండ్రి చేతిలో ఈటె ఉండిపోయింది. కొడుకు చెయ్యి ఖాళీ అయింది.

బర్నబా అంతియొకయలో పని ఎదుగుతున్న రోజుల్లో తార్సుకు వెళ్లి, తర్వాత పౌలుగా పేరుపడిన సౌలును (రాజు సౌలు కాదు) వెతికి తీసుకువచ్చాడు. తనకంటే బలంగా బోధించగలవాడిని తన సంఘంలోకి తానే తెచ్చుకున్నాడు. మొదట ‘బర్నబా, సౌలు’ అని ఉన్న వరుస, ప్రయాణం సాగేకొద్దీ చాలాచోట్ల ‘పౌలు, బర్నబా’ అయింది. ఆ మార్పు గురించి బర్నబా నొచ్చుకున్నట్టు ఒక్క మాట లేదు.

1739లో ఇంగ్లండులోని బ్రిస్టల్ దగ్గర కింగ్స్‌వుడ్ బొగ్గు గని కార్మికుల మధ్య జార్జి విట్‌ఫీల్డ్ అనే బోధకుడు ఆరుబయట ప్రసంగించేవాడు. వేలమంది వచ్చేవారు. తాను వేరేచోటికి వెళ్లవలసి వచ్చి, ఆ జనాన్ని తోటి బోధకుడు జాన్ వెస్లీ చేతిలో పెట్టాడు. ఆరుబయట ప్రసంగించడానికి వెస్లీ మొదట తటపటాయించాడు, తర్వాత ఒప్పుకున్నాడు. ఇచ్చేస్తే అంతా సుఖాంతమే అని నేను చెప్పబోవడం లేదు. ఎవరు రక్షణ పొందుతారో దేవుడు ముందే నిర్ణయించాడన్న ‘ముందు నిర్ణయం’ సిద్ధాంతం మీద ఇద్దరికీ బహిరంగంగా వాదం జరిగింది, 1741 నాటికి దారులు వేరయ్యాయి. అభిప్రాయభేదం చివరిదాకా పోలేదు కానీ స్నేహం తిరిగి వచ్చింది. 1770లో విట్‌ఫీల్డ్ అమెరికాలో చనిపోయాక, అతని కోరిక ప్రకారం లండన్‌లో సంస్మరణ ప్రసంగం చేసినవాడు వెస్లీయే.

మన దగ్గర దోర్నకల్ బిషప్ అజరయ్య ఉన్నాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు. అంత పదవి దక్కినవాడు తన సంఘాన్ని పెంచుకుంటూ కూర్చోవచ్చు. 1919లో తరంగంబాడి సమావేశం నుంచి చనిపోయేదాకా సంఘాల ఐక్యత కోసం పాటుపడ్డాడు. 1945 జనవరి 1న కన్నుమూశాడు. వేర్వేరు సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడింది 1947 సెప్టెంబరు 27న. బిషప్పులు లేని సంప్రదాయాలవాళ్లు బిషప్పులను ఒప్పుకున్నారు. ఆంగ్లికన్లు మిగతా సంఘాల సేవకులను మళ్లీ అభిషేకించకుండానే తమవారిగా స్వీకరించారు. ఎవరికి వారు తాము గట్టిగా పట్టుకున్నదాన్ని వదిలారు. ఆంధ్ర లూథరన్లు, బాప్తిస్టులు అందులో చేరలేదన్నదీ నిజమే, కలిసినవారిలో పదవుల పోటీ పోలేదన్నదీ నిజమే. ఒక తరం ఇచ్చింది కదా అని తర్వాతి తరానికి అసూయ రాకుండా ఉండదు. ఎవరి కత్తి వాళ్లే తీసి ఇవ్వాలి.

ఈ నాలుగో మందులో ఒక మోసం కూడా ఉంది. మనకు అక్కరలేనిది ఇవ్వడం. ఐక్య సభల్లో ఎదుటివానికి ప్రారంభ ప్రార్థన ఇచ్చి, చివరి రోజు వాక్యం మనం ఉంచుకోవడం. నేను అలా చాలాసార్లు చేశాను. పైకి అందరూ మెచ్చుకున్నారు, నా లోపల ఒక్క ముల్లు కూడా కదల్లేదు. పోతే నొప్పి కలిగేది ఇచ్చినప్పుడే కదిలింది.

మా సంఘంలో కీబోర్డు వాయించే అబ్బాయి ఒక్కడే ఉన్నాడు. పక్క మందిరంలో బుధవారం ప్రార్థనకు వాయించేవారు లేరని విన్నాను. మొదటి వారం విననట్టు ఊరుకున్నాను. తర్వాత ఆ అబ్బాయినే వెళ్లమన్నాను. మా పెద్దల్లో ఇద్దరికి ఇది నచ్చలేదు. ‘అయ్యగారూ, వాడు అక్కడే ఉండిపోతే?’ అన్నారు. ఉండిపోవచ్చు. వాళ్లకు నేను మాట ఇవ్వలేకపోయాను. అతను వెళ్లడం మొదలుపెట్టాక ఆ సోదరుడు నాకు మళ్లీ తన సంగతులు చెబుతున్నాడు. పోయిన నెల బాప్తిస్మాల గురించి తనంతట తానే ఫోను చేసి చెప్పాడు. విని సంతోషించాను. మనస్ఫూర్తిగానా అంటే, ముప్పావు వంతు. బుధవారం సాయంత్రాలు ఆ అబ్బాయికి బండి దొరకదు కాబట్టి, ఆరు గంటలకు నేనే వెనుక కూర్చోబెట్టుకుని ఆ మెట్ల దగ్గర దించి వస్తున్నాను.