ల్యాప్ బాక్స్ ట్రైనర్: పెట్టె మీద ప్రేమ తగ్గలేదు, స్కోరు మీదే కోపం

ల్యాప్ (లాపరోస్కోపీ) అంటే పొట్ట మీది చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, పొడవాటి పరికరాలు దూర్చి చేసే ఆపరేషన్; దాన్ని ప్రాక్టీస్ చేసుకునే పెట్టే ఈ బాక్స్ ట్రైనర్. దీనికి పోర్టులు (పరికరాలు దూర్చే రంధ్రాలు) ఎన్ని, కెమెరా ఎంత స్పష్టంగా ఉంటుంది, మడత పెడితే ఎంత చోటు పడుతుంది లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది ఒక్క ఫీచర్ గురించి: ఎక్సర్‌సైజ్ అయిపోగానే స్క్రీన్ మీద దానంతట అదే పడే స్కోరు. ట్రైనీగా ఉన్నప్పుడు దీన్ని కొనుక్కున్నాను. ఇప్పుడు మా యూనిట్‌లో జూనియర్లకు నేర్పడానికి కూడా ఇదే మోడల్ వాడుతున్నాం. మొదట్లో ఎవరు అడిగినా "ఆ స్కోరు కోసమైనా కొనండి" అనేదాన్ని. ఇప్పుడు ఆ మాట అంత తేలిగ్గా నోటికి రావడం లేదు.

స్కోరు ఎలా వస్తుందో ముందు చెప్పాలి. పరికరాల కొసల దగ్గర రంగు టేపు చుట్టి ఉంటుంది, ఎడమదానికి ఒక రంగు, కుడిదానికి ఇంకో రంగు. కెమెరా ఆ రంగుల వెంట పడుతుంది. ఎంతసేపు పట్టింది, కొసలు మొత్తం ఎంత దూరం తిరిగాయి, కదలిక ఎంత నిలకడగా సాగింది అని లెక్కగట్టి వందకు ఒక అంకె ఇస్తుంది. హద్దు దాటితే గ్రీన్ టిక్, దాటకపోతే ఎర్ర గుర్తు.

మొదటి మెట్టు వరకు ఇది చక్కగా పనిచేసింది. ల్యాప్‌లో కొత్తవాళ్లను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టేది పొట్ట గోడ దగ్గర పరికరం ఇరుసు మీద ఉన్నట్టు తిరగడం. చెయ్యి కుడికి పోతే కొస ఎడమకు పోతుంది, పిడి పైకెత్తితే కొస కిందికి దిగుతుంది. పైగా చూస్తున్నది చదునైన తెర, లోతు అంచనాకు అందదు. ఇది చెబితే వచ్చేది కాదు, చేసి చేసి అలవాటు కావాల్సిందే. అందుకు పెగ్ ట్రాన్స్‌ఫర్‌ను మించిన ఎక్సర్‌సైజ్ నాకు తెలియదు. ఆరు ముక్కల్ని ఒక్కొక్కటిగా పెగ్ (నిలువు పుల్ల) మీంచి ఎత్తి, గాల్లోనే రెండో చేతి గ్రాస్పర్‌కు (పట్టుకునే పరికరానికి) అందించి, అవతలి పెగ్ మీద దించాలి. ఆరూ అయ్యాక మళ్లీ వెనక్కి తేవాలి. ఎఫ్‌ఎల్‌ఎస్ (లాపరోస్కోపీ ప్రాథమిక నైపుణ్యాల) పరీక్షకు తయారయ్యేవాళ్ల కోసం నిపుణుల పనితీరును బట్టి పెట్టిన లక్ష్యం దీనికి 48 సెకన్లు. మొదటిసారి చేసినప్పుడు ఆ అంకె అసాధ్యం అనిపిస్తుంది.

ఇక్కడ స్కోరు నాకు చేసిన మేలు చిన్నది కాదు. ఒక్కో చేతి కొస ఎంత దూరం తిరిగిందో విడివిడిగా చూపిస్తుంది. నా కుడి చెయ్యి తెర నిండా తిరుగుతుంటే ఎడమ చెయ్యి ఒక మూల నిలబడి చూస్తోందని ఆ గ్రాఫ్‌లోనే కనబడింది. ఆపరేషన్‌లో ఎడమ చెయ్యి పట్టి లాగి చూపించకపోతే కుడి చేతికి పనే ఉండదు. సీనియర్లు "ఎడమ చెయ్యి, ఎడమ చెయ్యి" అని మొత్తుకున్నా అంతగా ఎక్కనిది రెండు గీతలు పక్కపక్కన చూసేసరికి ఎక్కింది. ఎవరూ లేని రాత్రి పూట ఒక్కదాన్నే కూర్చుని చేసుకునేటప్పుడు ఆ అంకె తోడుగా ఉండేది. ఆ రోజుల్లో నేను దీన్ని ఆకాశానికెత్తానంటే అందుకే.

ఇబ్బంది కుట్టు దగ్గర మొదలైంది.

పొట్ట లోపలే ముడి వేయడం నేర్పే ఎక్సర్‌సైజ్ ఇలా ఉంటుంది. మెత్తటి పెన్‌రోజ్ డ్రెయిన్ (రబ్బరు గొట్టం) ముక్కకు నిలువుగా చీలిక ఉంటుంది, అటూ ఇటూ రెండు నల్ల చుక్కలు. 15 సెంటీమీటర్ల, 2-0 మందం సిల్క్ దారంతో సూది ఒక చుక్కలో దిగి రెండో చుక్కలోంచి రావాలి. తర్వాత ముడి: మొదటిది డబుల్ త్రో (దారాన్ని రెండు చుట్లు తిప్పి వేసేది), ఆపైన రెండు సింగిల్ త్రోలు (ఒక్కో చుట్టుతో), ప్రతి త్రోకూ చేతులు మార్చుకుంటూ. చీలిక మూసుకోవాలి, ముడి జారకూడదు. డ్రెయిన్ కింద బ్లాక్‌కు వెల్‌క్రోతో అంటుకుని ఉంటుంది. వెల్‌క్రో అక్కడ పెట్టింది ఉత్తినే కాదు. దారాన్ని ఎక్కువ బలంతో పైకి లాగితే డ్రెయిన్ బ్లాక్ నుంచి ఊడి వస్తుంది. ఎఫ్‌ఎల్‌ఎస్ నిబంధనల్లో డ్రెయిన్ ఊడితే ఆ ఎక్సర్‌సైజ్‌కు సున్నా. ఎంత త్వరగా చేసినా సున్నాయే. ఆ నియమం పెట్టినవాళ్లకు నిజమైన పేగు ఎలా చిరుగుతుందో తెలుసు.

మా యూనిట్‌లో ఒక పద్ధతి పెట్టుకున్నాం: ఆపరేషన్‌లో కుట్టు వేయనివ్వాలంటే ముందు ఈ ట్రైనర్ మీద పాస్ కావాలి. స్కోరు ఎలాగూ మెషీనే వేస్తుంది కదా, మనుషుల ఇష్టాయిష్టాలకు తావుండదు అనుకున్నాం. ఆ అసెస్‌మెంట్ రోజు నేను పక్కనే నిలబడి ఉన్నాను. మొదట వచ్చిన జూనియర్ చెయ్యి చాలా చురుకు. సూది దిగింది, డబుల్ త్రో చకచకా చుట్టాడు. బిగించేటప్పుడు దారం రెండు కొసల్నీ డ్రెయిన్ మీద అడ్డంగా అటొకటి ఇటొకటి లాగాల్సింది, రెంటినీ కలిపి పైకి లాగాడు. చర్రుమని వెల్‌క్రో విడిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. డ్రెయిన్ ఒక కొస బ్లాక్ నుంచి లేచి వేలాడింది. అతను ఆగలేదు. గ్రాస్పర్‌తో దాన్ని కిందికి నొక్కిపెట్టి మిగతా రెండు త్రోలూ పూర్తిచేసి దారం కత్తిరించాడు. స్క్రీన్ మీద గ్రీన్ టిక్, పక్కన 89.

తర్వాత వచ్చిన అమ్మాయి నెమ్మది. సూదిని నీడిల్ హోల్డర్‌లో సరిగ్గా నిలబెట్టుకోవడానికే రెండుసార్లు ఎడమ చేతికీ కుడి చేతికీ మార్చుకుంది. చుక్కల్లో సూది దిగిన తీరు చూస్తుంటే ముచ్చటేసింది. మొదటి త్రోను పడుకోబెట్టి, చీలిక పెదవులు కలిసేంతవరకే బిగించింది. డ్రెయిన్ అంగుళం కదలలేదు. తర్వాత నేను పరికరంతో ముడిని గట్టిగా లాగి చూశాను, జారలేదు. ఆమె స్కోరు 54, ఎర్ర గుర్తు. టైమ్ ఎక్కువ, కొసలు తిరిగిన దూరం ఎక్కువ అని కారణం చూపించింది.

ఆ అమ్మాయి ముడి వైపు చూడనే లేదు, స్క్రీన్ వైపు చూసింది. "మేడమ్, ఇంకోసారి చేయనా? ఈసారి స్పీడుగా చేస్తాను" అంది. ఆ మాట నన్ను చాలా కలవరపెట్టింది. రెండు డ్రెయిన్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టి ఇద్దరికీ చూపించాను. మొదటిదాంట్లో రెండు చుక్కల మధ్య చీలిక నోరు తెరుచుకుని ఉంది, సూది దిగిన చోట రబ్బరు సాగిపోయి రంధ్రం పెద్దదైంది. రెండోదాంట్లో అంచులు కలిసి ఉన్నాయి. "లోపల పేగు ఉంటే ఎవరి కుట్టు కావాలనుకుంటారు?" అని అడిగాను. ఇద్దరూ సరైన జవాబే చెప్పారు. అయినా ఆ తర్వాత కొన్నాళ్లు ఆ అమ్మాయి స్పీడు మీదే పడింది, చెయ్యి గరుకుగా మారింది. ఎంత చెప్పినా ఆ ఎర్ర గుర్తు ఆమె మనసులోంచి పోవడానికి చాలా సమయం పట్టింది. నా కోపమంతా ఇక్కడే. తప్పు స్కోరు వేసి ఊరుకుంటే సరే, ఆ స్కోరు నేర్చుకునే చేతిని కూడా తనవైపు తిప్పుకుంటోంది.

మెషీన్‌ను మాత్రం ఎంతని తప్పుపట్టగలం? దానికి ఉన్నది ఒక్క కెమెరా. టేపు ఎటు కదిలిందో చూస్తుంది, దారం మీద ఎంత బలం పడిందో దానికి తెలిసే దారి లేదు. బ్లాక్ కింద బలాన్ని కొలిచే సెన్సర్ పెట్టిన ట్రైనర్లు వేరే ఉన్నాయి, ఇది ఆ కోవకు చెందదు. అసలు ఇబ్బంది, ఆ సంగతి ఎక్కడా చెప్పకుండా "నైపుణ్యం" అని పేరు పెట్టి అంకె చూపించడం. కంపెనీవాళ్లకు రాస్తే, వచ్చే అప్‌డేట్‌లో పరిశీలిస్తాం అని జవాబు వచ్చింది. కొన్ని అప్‌డేట్లు వచ్చి వెళ్లాయి. స్కోరు పేజీ రంగులు మారాయి, లెక్క మారలేదు. కుట్టు వేసేటప్పుడు రెండు కొసలూ ఒకదాని మీదుగా ఒకటి దాటితే ఎడమనీ కుడినీ తారుమారు చేసుకునే జబ్బు కూడా అలాగే ఉంది.

ఇప్పుడు మేం చేస్తున్నది వేరు. స్కోరు పేజీని మూసేసి, ఇదే పెట్టెలో ఉన్న రికార్డింగ్‌ను వాడుతున్నాం. కొన్నప్పుడు నేను పట్టించుకోని ఫీచర్ ఇది. వీడియో మీద పేరు లేకుండా ఇద్దరు సీనియర్లు విడివిడిగా చూసి గోల్స్ పద్ధతిలో మార్కులు వేస్తారు. 2005లో మెక్‌గిల్ యూనివర్సిటీ నుంచి వచ్చిన ఈ కొలబద్దలో ఐదు అంశాలు: లోతు అంచనా, రెండు చేతుల సమన్వయం, పని సాగే తీరు, కణజాలాన్ని పట్టుకునే తీరు, ఒకరి సాయం లేకుండా చేయగలగడం. ఒక్కోదానికి 1 నుంచి 5, మొత్తం 25. నిజానికి ఇది ఆపరేషన్ థియేటర్ కోసం చేసింది, ట్రైనర్‌కు అన్ని అంశాలూ అతికినట్టు సరిపోవు. నాలుగో అంశం ఒక్కటి చాలు, ఆ రోజు 89 వచ్చిన కుట్టుకు ఎంత పడేదో చెప్పడానికి.

మనిషి కన్ను పక్షపాతం చూపదా అంటే చూపొచ్చు. అందుకే ఇద్దరు, అందుకే పేర్లు లేకుండా. కన్ను నమ్మదగ్గదే అనడానికి ఆధారం ఉంది. 2013లో మిషిగన్‌లో 20 మంది బేరియాట్రిక్ (బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే) సర్జన్లు తలా ఒక ఆపరేషన్ వీడియో ఇచ్చారు, ఎవరిదో తెలియకుండా తోటి సర్జన్లు చూసి మార్కులు వేశారు. నైపుణ్యంలో అడుగున నిలిచిన వర్గం రోగుల్లో కాంప్లికేషన్లు 14.5 శాతం, పైన నిలిచినవాళ్ల రోగుల్లో 5.2 శాతం. ఇంకాస్త వెనక్కి వెళ్తే, 2002లో యేల్ నుంచి వచ్చిన ట్రయల్ ఉంది. నిపుణుల స్థాయి అందుకునేదాకా సిమ్యులేటర్ మీద చేసిన రెసిడెంట్లు (ట్రైనింగ్‌లో ఉన్న డాక్టర్లు) పిత్తాశయాన్ని విడదీసే భాగాన్ని 29 శాతం తక్కువ సమయంలో ముగించారు. సిమ్యులేటర్ ట్రైనింగ్ లేనివాళ్లు పిత్తాశయానికి గాయం చేయడమో పక్క భాగాన్ని కాల్చడమో ఐదు రెట్లు ఎక్కువ. ట్రైనింగ్ మెషీన్ మీదే జరిగింది, కానీ ఆపరేషన్‌లో ఆ తప్పుల్ని లెక్కపెట్టింది వీడియో చూసిన సర్జన్లు.

మిగతావి క్లుప్తంగా. అసలు పరికరాలతోనే పని కాబట్టి చేతికి తెలిసే స్పర్శ నిజమైనది, ఆ విషయంలో నేను వాడి చూసిన వర్చువల్ సిమ్యులేటర్ కంటే ఇదే మేలు. పోర్టుల దగ్గరి రబ్బరు వాడగా వాడగా బిగుసుకుంటుంది, అప్పుడు ఆ స్పర్శ కూడా మసకబారుతుంది, మార్చుకోవాలి. కెమెరా ఒకేచోట బిగించి ఉంటుంది కాబట్టి 30 డిగ్రీల స్కోప్ (కొస నుంచి వాలుగా చూసే కెమెరా గొట్టం) పట్టడం ఇందులో రాదు. పెట్టెను పరికరాల పిడులు మోచేతి ఎత్తుకు వచ్చేలా కింద పెట్టుకోండి. మామూలు టేబుల్ మీద పెడితే భుజాలు పైకి లేస్తాయి, అదే అలవాటైపోతుంది.

కొనాలా అంటే, మీ పరిస్థితిని బట్టి. మొదటి ఏడాదిలో ఉండి, పెగ్ ట్రాన్స్‌ఫర్, గాజుగుడ్డ మీద వలయం కత్తిరించడం లాంటివి ఇంట్లో ఒంటరిగా చేసుకోవాలనుకుంటే తీసుకోండి, ఆ దశలో స్కోరు కూడా సాయపడుతుంది. కుట్ల దశకు వచ్చాక మీ వీడియో చూసి నాలుగు మాటలు చెప్పే సీనియర్ ఉంటే ఇంకా బాగు. మాకు అలాంటి ఇద్దరు దొరికారు, అందరికీ దొరక్కపోవచ్చు. జూనియర్లను పాస్, ఫెయిల్ అని తేల్చడానికి కొంటున్న యూనిట్లకైతే మాత్రం ఈ స్కోరు మీద ఆధారపడమని నేను చెప్పలేను. సెట్టింగ్స్‌లో ఎక్సర్‌సైజ్ చివర స్కోరు చూపించకుండా ఆపే ఆప్షన్ ఉంది. కాస్త లోపలికి వెళ్లి వెతకాలి.