ఫ్రిజ్ మీది ఒక్క పేజీ: రెండున్నరేళ్ల తర్వాత నా అభిప్రాయం

ఎర్లీ ఇంటర్వెన్షన్, అంటే ఎదుగుదలలో ఇబ్బంది ఉన్న చిన్నపిల్లలకు మూడేళ్లు నిండేదాకా ఇచ్చే థెరపీ సేవ, ఎందుకు తొందరగా మొదలవ్వాలో ఇది చదివేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఏ థెరపీ ఎలా పనిచేసిందో కూడా రాయను. నేను చెప్పదలుచుకున్నది వాటన్నిటినీ కలిపి నడిపించిన మా కోఆర్డినేటర్ గురించి, అందులోనూ ఆవిడ మాకు రాసిచ్చిన ఒక్క పేజీ గురించి.

మా పాప 29 వారాలకే పుట్టింది. రెండు కాళ్లలో బిగుతు, సెరిబ్రల్ పాల్సీ (మెదడుకి తగిలిన దెబ్బ వల్ల కండరాల కదలిక మీద పట్టు తప్పడం) అన్నారు. నెలలు తక్కువగా పుట్టింది కాబట్టి వయసు సవరించి, పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కపెడతారు కదా, ఆ లెక్కన ఏడో నెల వచ్చేసరికి ఇంటికి ముగ్గురు థెరపిస్టులు వస్తున్నారు: ఫిజియో, ఓటీ (తినడం, ఆడుకోవడంలాంటి రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్ట్), స్పీచ్ థెరపిస్ట్. ముగ్గురూ మంచివాళ్లే, ముగ్గురూ మనసుపెట్టి చేసేవాళ్లే. వెళ్తూ వెళ్తూ ముగ్గురూ ఇంటిపని ఇచ్చేవాళ్లు. ఒకరోజు కూర్చుని లెక్కేస్తే అన్నీ కలిపి రోజుకి రెండు గంటల పైమాటే. పాప మెలకువగా, హుషారుగా ఉండే కాస్త సమయమూ వాటికే పోయేది. ఊరికే ఒళ్లో వేసుకుని కూర్చున్న గుర్తు ఆ నెలల్లో నాకు లేదు.

పైగా ఒకరి మాటకి ఇంకొకరిది అడ్డం. నిలబెట్టి ఆడించమని ఫిజియో. ముందు ఆసరా ఇచ్చి కూర్చోబెట్టండి, చేతులు ఖాళీగా ఉంటేనే బొమ్మ పట్టుకుంటుందని ఓటీ. ఏది వదిలేసినా తప్పు చేస్తున్నానేమోనని రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు.

కోఆర్డినేటర్ రెండోసారి వచ్చినప్పుడు థెరపీల ఊసే ఎత్తలేదు. "పొద్దున లేచింది మొదలు మీ ఇంట్లో ఏమేం జరుగుతాయో చెప్పండమ్మా" అన్నారు. డైపర్ ఎన్నిసార్లు మారుస్తాం, స్నానం ఎవరు పోస్తారు, ఏ పూట పాప చిరాకు పడుతుంది, అన్నీ గంటసేపు రాసుకున్నారు. తర్వాతి వారం ముగ్గురు థెరపిస్టులనీ ఒకే ఫోన్ కాల్‌లోకి తెచ్చి, నన్నూ కూర్చోబెట్టి మాట్లాడించారు. అందులోంచి వచ్చిందే ఆ పేజీ.

ఎడమవైపు మా ఇంటి పనులు, కుడివైపు ఆ పనిలో కలిసిపోయేవి. డైపర్ మార్చేటప్పుడు మోకాలు చాచి ఉంచి, మడమని అరచేతిలో పట్టుకుని పాదాన్ని మెల్లగా పైకి వంచి కాసేపు ఉంచడం. అదే సమయంలో పాప కళ్లలోకి చూసి ఒక మాట అని, తను ఏదో ఒక శబ్దం చేసేదాకా ఆగడం. పిక్కలకీ మాటకీ రెండింటికీ అయిపోయింది. తినిపించేటప్పుడు పాదాల కింద పీట, నడుము నిటారుగా, చేతులు ఖాళీగా. నిలబడడం మంచం అంచు పట్టుకుని ఆడుకునేటప్పుడు. ఫిజియోకి, ఓటీకి మధ్య తగువు అలా పూటలవారీగా తీరిపోయింది. లక్ష్యం కూడా "నడుము పట్టు పెరగాలి" అని రాయలేదు. "అందరితోపాటు కూర్చుని చెంచా పట్టుకుని తినాలి" అని రాశారు. అది చదివి మా అత్తగారు కూడా తన వంతు పని పట్టుకున్నారు. ఫ్రిజ్ తలుపుకి ఆ పేజీ అంటించిన రోజు నేను ఏడ్చాను.

ఏడాదిపాటు కనిపించిన ప్రతి తల్లికీ ఆ పేజీ గురించి చెప్పాను. ఇప్పుడు చెప్పేటప్పుడు ఇంకో మాట కలుపుతున్నాను.

పాపకి ఏడాదిన్నర దాటినా మాటలు రావడం లేదు. పుట్టినప్పటి వినికిడి పరీక్ష పాసైంది, తొమ్మిదో నెలలో చేసిందీ బాగానే ఉంది. అయినా జలుబు తరచుగా చేస్తోంది, ఇంకోసారి చూపిద్దామని స్పీచ్ థెరపిస్ట్ అన్నారు. కోఆర్డినేటర్ సరేనని తన డైరీలో రాసుకున్నారు. రెండు వారాలకి ఆవిడ వేరే చోటికి మారిపోయారు. ఫైలు కొత్తావిడకి చేరింది గానీ డైరీ చేరలేదు. పరీక్ష కోసం రాసే ఉంటారని స్పీచ్ థెరపిస్ట్, అవసరమైతే వాళ్లే పిలుస్తారని నేను. మాట ఆలస్యం కావడాన్ని అందరం నెలలు తక్కువ పుట్టుక మీద, సెరిబ్రల్ పాల్సీ మీద వేసేశాం. నాలుగు నెలలు గడిచాయి.

ఆరు నెలలకోసారి జరిగే సమీక్షలో కొత్త కోఆర్డినేటర్ అడిగారు, "చెవి రిపోర్టు ఏదండీ?" అని. గదిలో ఎవరి దగ్గరా లేదు. పరీక్ష చేయిస్తే రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు. చిన్నపిల్లల్లో ఇది మామూలే, చాలామందికి దానంతట అదే పోతుంది, అందుకే మూడు నెలలు చూస్తారు. మా పాపకి పోలేదు, నీరు పోయేలా కర్ణభేరిలో చిన్న గొట్టాలు వేయించాం. ఇంటికొచ్చిన మర్నాడు వంటింట్లో గరిట కింద పడితే ఉలిక్కిపడి అటు తిరిగింది. సంతోషించాల్సిన క్షణమే అది. నాకు మాత్రం, అన్నాళ్లూ డైపర్ మారుస్తూ నేనన్న ఒక్కో మాటా దానికి ఎంత వినిపించిందో అన్న ఆలోచన వదల్లేదు.

మొదటి కోఆర్డినేటర్‌ని తప్పుపట్టలేను. ఆ పేజీలో మేం ఏం చేయాలో ఉంది. ఎవరు, ఏది, ఏ తేదీలోగా చేయాలో లేదు. సమన్వయమంతా ఒక మనిషి గుర్తులో నడిచింది. ఇప్పుడు ఆ కాగితం వెనకవైపు అవన్నీ నేనే రాస్తున్నాను, ఎవరు వచ్చినా ముందు అది పైకి చదువుతాను. స్ప్లింట్ల (పాదం సరిగ్గా నిలిచేలా కాళ్లకి తొడిగేవి) విషయంలో అదీ చాల్లేదు. కొత్తవి చేతికొచ్చేసరికి పాదం ఎదిగిపోయేది.

ఇలాంటి పేజీ రాయించుకోమంటానా అంటే, మా ఇంటికైతే అవును. నేను ఏడాది ఉద్యోగం మానేశాను, ఇంట్లో పెద్దవాళ్లున్నారు, ఒక్కతే పిల్ల, పైగా మా థెరపిస్టులు ఒకరితో ఒకరు మాట్లాడుకోడానికి ఒప్పుకున్నారు. ఇవి లేనిచోట ఆ పేజీ ఎంత పనికొస్తుందో నేను చెప్పలేను. చెవుల క్లినిక్‌లో పరిచయమైన ఒకామె బాబు పుట్టినప్పటి వినికిడి పరీక్షలోనే పాసవ్వలేదు. నెలలోపు మొదటి పరీక్ష, మూడో నెలకల్లా నిర్ధారణ, ఆరో నెలకల్లా చికిత్స మొదలవ్వాలన్నది అలాంటి పిల్లలకు డాక్టర్ల లెక్క. వాళ్ల పరిస్థితిలో నేనుంటే ఏ కోఆర్డినేటర్ ఫోన్ కోసమూ ఆగను, నేనే ఫోన్ చేస్తాను.

మూడేళ్లు నిండుతున్నాయి, ఈ సేవ అయిపోతోంది. వచ్చే నెల బడివాళ్లతో సమావేశం. ఆ పేజీ రెండువైపులా నాలుగు కాపీలు తీయించి పెట్టాను.